వంతెన నీటి కన్నాలు మూసింది నేనే

ముందు సంతోషం చెప్పేసుకుంటాను, లేకపోతే కలం ముందుకి కదలదు. నేను బి.ఏ. పాసయ్యాను! అరవై మూడో ఏట, చరిత్ర ముఖ్యాంశంగా, దూరవిద్యలో. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. పదో తరగతి దాటిన మొదటి మనిషిని కూడా నేనే. ఫలితం ఫోన్లో చూసి మా ఆవిడ రమణమ్మకి చెబితే, చేపలు కడుగుతూ తలైనా ఎత్తలేదు.

"పాసయిపోనావా? మరింకేటి, రేపట్నించి ఉజ్జోగంలోకి ఎల్తావేటి?"

అలా అన్న మనిషే చేతులు కడుక్కుని నాలుగిళ్ళకి వెళ్ళి చెప్పి వచ్చింది.

రెండో వార్త. మా ఊరి గెడ్డ మీది పాత వంతెనని కూల్చడం లేదు. పోయిన వానాకాలంలో "ఇది పనికిరాదు, కూల్చాలి" అని తేల్చిన వంతెన అది. ఇప్పుడు దాని మీద మళ్ళీ మనుషులు నడుస్తున్నారు.

ఈ రెండో వార్తలో నా పాత్ర ఉంది. వంతెనని కాపాడానని మా వీధిలో కొందరు అంటున్నారు. అది సగమే నిజం. ఆ వంతెన కూల్చే దాకా వెళ్ళింది నా వల్లే. కొత్తగా వర్క్ ఇన్‌స్పెక్టర్లుగా, సైట్ ఇంజినీర్లుగా చేరుతున్న పిల్లలకి మిగతా సగం తెలియాలని ఇది రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు రాయను. రాయడానికి పెద్దగా లేవు కూడా. ఊరి పేరు కూడా రాయను. విజయనగరం నుంచి గజపతినగరం వైపు తిరిగినవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది.

నేను చేసిన ఉద్యోగం

వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే ఇంజినీరు కాదు, మేస్త్రీ కాదు. ఇంజినీరు కాగితం మీద గీసిన గీతకీ, మేస్త్రీ చేతిలోని తాపీకీ మధ్య ఎండలో నిలబడేవాడు. ఇసుకలో మన్ను ఎంత ఉందో అరచేతిలో నలిపి చూడాలి. కాంక్రీటులో నీళ్ళు ఎక్కువ పోస్తుంటే అరవాలి. పోసినదాన్ని తడపకుండా వెళ్ళిపోతే, మనుషుల్ని ఇంటికెళ్ళి పిలుచుకురావాలి.

సంతకాలు పైవాళ్ళవి. కానీ గోడ లోపల ఏముందో తెలిసేది మనకి. పని పూర్తయ్యాక బయటికి కనబడేదాన్ని ఎవరైనా వచ్చి తనిఖీ చేస్తారు. లోపలికి పోయి కనబడకుండా ఉన్నదానికి, ఆ రోజు దగ్గర నిలబడినవాడు తప్ప ఇంకో సాక్షి ఉండడు. నలభై ఏళ్ళకి దగ్గర చేసిన ఉద్యోగంలో నాకు అర్థమైంది ఇంతే.

గెడ్డ, వంతెన

గెడ్డ అంటే కొత్తవాళ్ళు చిన్న వాగు అనుకుంటారు. మాది అలాంటిది కాదు. కొండల మీంచి దిగి, ఊరి మధ్యలో ఎర్రమట్టిని కోసుకుంటూ తాటిచెట్టు లోతుకి వెళ్ళిపోయింది. ఎండాకాలంలో అడుగున చీర పరిచినంత నీరు ఉంటుంది. వాన పడితే చప్పుడు రెండు వీధుల అవతలికి వినబడుతుంది. ఇటు బజారు, బడి, ఆసుపత్రి. అటు జనపనార మిల్లులో పనిచేసేవాళ్ళ పేట.

వంతెన లేని రోజుల్లో ఎడ్లబళ్ళు ఇటు దిగి అటు ఎక్కేవి. ఎక్కడానికి ఒక జత ఎడ్లు చాలవు. గట్టు మీద అదనపు జతలతో కాచుకుని కూర్చుని, బండ్లు లాగిపెట్టి బతికినవాళ్ళు ఉండేవారట. వంతెన పూర్తయిన రోజున ఊరంతా సంబరాలు చేసుకుంటే ఆ ఎడ్లవాళ్ళ ఇళ్ళలో పొయ్యి వెలగలేదని ఒక ముసలాయన నాకు చెప్పాడు.

సంస్థానం రోజుల్లో కట్టిన వంతెన. మూడు కమానులు, కొండరాయి, గానుగ సున్నం. ఎడ్లు తిప్పే రాతి గానుగలో సున్నమూ ఇసుకా నూరి, బెల్లపు నీళ్ళు, కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు కలిపి చేసిన సున్నం అది. కోడిగుడ్లు కూడా కలిపారంటారు. నేను అడిగిన ప్రతి ముసలమ్మా ఆ గుడ్లు తన అత్తవారింటి నుంచే వెళ్ళాయని చెప్పింది.

ఇక్కడ ఒక్క విషయం అర్థం చేసుకోవాలి. కమాను మీద నేరుగా రోడ్డు ఉండదు. మధ్యలో మట్టి, రాళ్ళు నింపుతారు. ఆ మట్టి బయటికి జారకుండా రెండు వైపులా రాతి గోడలు కడతారు. పైన పడ్డ వాననీరు ఎలాగూ మట్టిలోకి దిగుతుంది. అది బయటికి పోవడానికి గోడల్లో కన్నాలు వదులుతారు. ఆఫీసులో వీప్ హోల్స్ అంటాం, మేస్త్రీలు నీటి కన్నాలంటారు. మా వంతెనకి వైపుకి తొమ్మిది ఉండేవి. ఒక్కో కన్నానికి బయటికి పొడుచుకొచ్చిన రాతి మూతి, ఆవు మూతిలా చెక్కినది. వాన వెలిశాక రెండు రోజుల దాకా ఆ పద్దెనిమిది మూతులూ కారుతూనే ఉండేవి.

సున్నం బట్టీ కొడుకు

మాది శ్రీకూర్మం అవతల సముద్రపు ఒడ్డు. అమ్మ చేపలు అమ్మేది. నాన్న సూరయ్య గుల్లసున్నం కాల్చేవాడు. ఒడ్డున గుల్లలు ఏరుకొచ్చి, బట్టీలో బొగ్గూ గుల్లా వరసలుగా పేర్చి కాల్చేవాడు. ఆయన అరచేతులు ఏడాది పొడుగునా పగిలే ఉండేవి. బళ్ళో నన్ను చిన్నారావు అని పిలిచినవాడు లేడు, "సున్నంబట్టీ" అనే పిలిచేవారు.

ఉద్యోగం వచ్చాక నాకు సిమెంటు బస్తా అంటే ఎంత గౌరవమో చెప్పలేను. సున్నం అంటే నాన్న చేతులు. సిమెంటు అంటే నా చొక్కా జేబులో పెన్ను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది గాని, అప్పుడు నా బుర్రలో ఉన్నది అదే.

అడిగినదానికంటే ఎక్కువ

నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఎవరో పెద్దాయన వంతెన మీదుగా వెళ్తాడని ఊరంతా హడావుడి. మా డి.ఈ.గారు, అంటే సైట్ ఇంజినీర్లకి పై అధికారి, జీపు దిగి గోడ వైపు చూసి చెప్పారు.

"రాళ్ళ సందుల్లో సున్నం ఊడిపోయిందోయ్. సిమెంటుతో సందులు పూడ్పించు. చూడ్డానికి నీట్‌గా ఉండాలి."

అంతే. కన్నాల గురించి ఆయన ఒక్క మాట అనలేదు.

పని మొదలైంది. గట్టు పక్క కమాను అంచు నీడలో గౌరమ్మ అనే ఆవిడ కూరగాయలు అమ్మేది. అప్పటికి ముప్పై ఏళ్ళ మనిషి, గొంతు మాత్రం గెడ్డ అవతలికి వినబడేది.

"ఓ ఇనిస్పెట్రూ! మీ వంతెన నా వంకాయల మీద ఉచ్చ పోస్తన్నాది. సూడవేటి?"

కూలీలందరూ నవ్వారు. నాకు రోషం వచ్చింది. సందులు పూడ్చడం ఏమిటి, గోడంతా నున్నగా సిమెంటు పూత వేయించేద్దాం అనుకున్నాను. పూతకి ఆ రాతి మూతులు అడ్డొచ్చాయి. మేస్త్రీ అప్పలస్వామి తాపీ దించి అడిగాడు.

"బాబూ, ఈ మూతులేటి సేద్దారి?"

"కొట్టెయ్. కన్నాలు మూసెయ్."

"మూసీమంటావా? మరి నీరెటెల్తాది?"

"సిమెంటు వేశాక నీరెక్కణ్ణించి వస్తుంది? చెప్పింది చెయ్."

"నాకేటి బాబూ. మూసీమంటే మూసెత్తాను."

నీరు పక్క గోడల్లోంచి రాదు, పైనుంచి దిగుతుంది. ఇది ఇంజినీరింగ్ చదవక్కర్లేని సంగతి. నాకు తెలుసు కూడా. అయినా, నా మాట మీద నాకెంత నమ్మకమో చూపించడానికి మొదటి మూతిని నేనే సుత్తి తీసుకుని కొట్టాను. ఇటుకముక్కలు కూరి, సిమెంటు దట్టించి, పైన పూత పూయించి, వెల్ల వేయించాను.

డి.ఈ.గారు వచ్చి చూశారు. "భేష్! చుక్క నీరు లేదు. భలే చేశావోయ్ చిన్నారావ్." ఆ ఒక్క మాట మీద నెల రోజులు నడిచాను.

ఆయన చెడ్డ అధికారి కాదు. వేళకి సైట్‌కి వచ్చేవారు, కూలీల్ని తిట్టేవారు కాదు. ఒక్కటే లోపం, నీట్‌గా ఉన్నదాన్ని ఎప్పుడూ అనుమానించేవారు కాదు. అయినా ఇక్కడ తప్పు ఆయనది కాదు. పైవాడు అడిగినదానికంటే ఎక్కువ చేసి మెప్పు పొందాలనే యావ సైట్ మీద తాగుడు కంటే ప్రమాదం. తాగి వచ్చినవాణ్ణి ఇంటికి పంపేస్తాం. ఈ రకం వాణ్ణి మెచ్చుకుంటాం.

నాన్న చెయ్యి

ఆ తరవాత నాన్న కంటి పరీక్షకని మా ఊరొచ్చాడు. తీసుకెళ్ళి వంతెన చూపించాను. నాన్న గోడ మీద అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు ఉంచాడు.

"నిండా సిమెంటేటిరా?"

"సిమెంటే నాన్నా. ఇంక వందేళ్ళు సూడక్కర్నేదు."

"సున్నం గోడ నీరు తాగుతాది, కక్కుతాది. దీనికి కక్కడానికి నోరేదిరా?"

"నీకు సున్నం తప్ప ఇంకేటి తెల్సు నాన్నా?"

నాన్న చెయ్యి తీసేశాడు. బస్టాండుకి నడిచాం. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి, "బేగి ఇంటికెల్లిపో, ఎండగున్నాది" అన్నాడు.

చదువులేని తండ్రి మాటని కొడుకు వినకపోవడం మామూలు సంగతే. నాది అంతకంటే తక్కువ రకం. ఆయన చెప్పింది నిజమని నాకు అక్కడే, ఆ క్షణమే తెలిసింది. తెలిసింది కాబట్టే అంత పెడసరంగా మాట్లాడాను.

తడి మచ్చ

పదేళ్ళ తరవాత మళ్ళీ వెల్ల వేయించే పని పడింది. మంచి ఎండాకాలం. వానలు పోయి నెలలైంది. తూర్పు గోడ మధ్యలో మాత్రం చాపంత తడి మచ్చ, దాని అంచుల్లో తెల్లటి చారలు. లోపల నీరు నిలిచి, సున్నాన్ని కొంచెం కొంచెంగా కరిగించి తెస్తోంది. నాకు అర్థమైంది, అప్పలస్వామికీ అర్థమైంది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఏటి సేద్దాం బాబూ?"

"ఇంకో చెయ్యి వెల్ల వెయ్యి."

అది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. మొదటిది తెలివితక్కువ రోషంతో చేశాను. రెండోది తెలివితో చేశాను. ఒక కన్నం తెరిపిస్తే మిగతావి ఎవరు మూశారని అడుగుతారని భయం. తరవాత నాకు బదిలీలు, ఊళ్ళు మారడాలు. డి.ఈ.గారు పోయారు. అప్పలస్వామి పోయాడు. ఊరు ఆ ఆవు మూతుల్ని మరిచిపోయింది. గోడ వెనక పద్దెనిమిది కన్నాలు ఎక్కడెక్కడ మూశామో తెలిసినవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే మిగిలాను.

ప్రాజెక్టులో లేని పేజీ

రిటైరయ్యాక బి.ఏ.లో చేరాను. స్టడీ సెంటర్లో పాఠాలు చెప్పే మాస్టారు, ఎవరి ఊళ్ళో సంగతి వాళ్ళు ఒకటి ప్రాజెక్టుగా రాయమన్నారు. నేను గెడ్డ వంతెన చరిత్ర రాశాను. ఎడ్లవాళ్ళు, గానుగ సున్నం, గుడ్లు, అన్నీ. చేత్తో నలభై పేజీలు. ఆయన చదివి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారండీ చిన్నారావు గారూ?" అన్నారు. నేల మీద నడవలేదు నేను ఆ రోజు.

ఆ నలభై పేజీల్లో మరమ్మతుల గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. "తరువాతి కాలంలో వంతెనకు సిమెంటు పూత వేయబడింది." ఎవరు వేశారో, ఏం మూశారో లేదు.

గోడ ఉబ్బింది

పోయిన ఏడాది తుఫాను వానలకి తూర్పు గోడ జానెడు మేర ముందుకి ఉబ్బింది. పైన రోడ్డు పొడుగునా పగులు. రెండు వైపులా అడ్డాలు పెట్టేశారు. లారీలకి ఊరి బయట వేరే వంతెన ఉంది కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. ఇబ్బంది నడిచేవాళ్ళకి. పేటలో పిల్లలు బడికి రావాలంటే ఆ బయటి వంతెన దాకా పోయి, లారీల పక్కన నడిచి రావాలి. గౌరమ్మ ఇప్పుడు ముసలిదైంది. రోడ్డు మీద నన్ను పట్టుకుని నిలదీసింది.

"మా మనవరాలు లారీల మజ్జిన నడిసి బడికెల్తన్నాది. ఈ వంతెన కూలగొట్టీసి కొత్తది ఎప్పుడు కడతారు? నాను సచ్చినాకా?"

పై నుంచి ఇంజినీర్లు వచ్చి చూశారు. కూల్చడమే మంచిదని తేల్చారు. ఆ మాట విని మా పాత ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఏ.ఈ., అంటే సైట్ ఇంజినీరు, శిరీష ఉంది. శ్రీకాకుళం పిల్ల, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. నా ప్రాజెక్టుకి పాత మ్యాపులు వెతికిపెట్టింది ఆవిడే.

"మేడమ్, గోడ వెనక నీరుంది" అన్నాను.

"అది మాకూ తెల్సు బాబాయ్ గారూ. బయటికి దారి లేదు, అదే సమస్య. కట్టినవాళ్ళు వీప్ హోల్స్ వదల్లేదు. రిపోర్టులో కూడా అదే రాశారు."

నేను దీనికి సిద్ధపడి రాలేదు. ఎవరో ముక్కూమొహం తెలియని రాతిపనివాళ్ళు, ఆవు మూతుల్లా చెక్కి మరీ దారి వదిలినవాళ్ళు, వాళ్ళకి పని రాదని రాసేశారు.

"వదిలారు. పద్దెనిమిది."

"మరేవి?"

"నేను మూశాను."

శిరీష పెన్ను కింద పెట్టింది. "అప్పటి డి.ఈ.గారు మూయమన్నారా?"

అవునన్న మాట నా నాలిక మీదికి వచ్చేసింది. ఆయన లేరు. కాదనేవాళ్ళు లేరు. ఆ అమ్మాయే నాకు దారి చూపిస్తోంది.

"లేదమ్మా. ఆయన సందులు పూడ్చమన్నారు. కన్నాలు మూయడం నా సొంత తెలివి."

శిరీష మళ్ళీ పెన్ను అందుకుంది. తరవాత అడిగింది. "ఎక్కడున్నాయో చూపించగలరా?"

"కళ్ళు మూసుకుని చూపిస్తాను."

"కళ్ళు తెరుసుకునే సూపించండి బాబాయ్. గోడ మీద పడిపోతాది."

మూడు పొడి కన్నాలు

కూల్చే ముందు ఒక్కసారి ప్రయత్నించడానికి శిరీష పైవాళ్ళ దగ్గర అనుమతి తెచ్చింది. ఎలా తెచ్చిందో, ఎన్ని మాటలు పడిందో నాకు చెప్పలేదు. గోడకి సరుగుడు బాదులు దన్నుగా పెట్టి, ఇసుక బస్తాలు పేర్చారు. నేను పిట్టగోడ పైనుంచి టేపు దించి, సుద్దతో గుర్తులు పెట్టాను.

మొదటి గుర్తు దగ్గర సన్నగా తొలిచారు. రాయి. రెండో గుర్తు, రాయి. మూడోది కూడా రాయే. గట్టు మీద జనం గుసగుసలు మొదలుపెట్టారు. డ్రిల్లింగ్ చేస్తున్నతను "ముసిలాయనకి గురుతు నేదేమో మేడమ్" అన్నాడు, నాకు వినబడేలాగే.

చేతిలో సుద్దతో అబద్ధం చెప్పినవాడిలా అందరి ముందూ నిలబడ్డాను, జీవితంలో మొదటిసారి నిజం చెప్పిన రోజునే. అప్పుడు తట్టింది. రోడ్డు మీద తారు పొరలు వేసుకుంటూ పోయి, మధ్యలో ఎప్పుడో పిట్టగోడని కూడా ఎత్తు చేశారు. నేను కొలుస్తున్నది పాత పిట్టగోడ లెక్కలో. టేపు పక్కన పడేసి, గోడకి అరచెయ్యి ఆనించి కిందికి జరుపుకుంటూ వచ్చాను. ఒకచోట చల్లగా తగిలింది.

"ఇక్కడ."

తొలిచారు. ఇటుక పొడి రాలింది, ఎర్రగా. తరవాత బురద. తరవాత నీరు, గోడని తన్నుకుంటూ బయటికి. ఎన్నో ఏళ్ళ నాటి మట్టివాసన గెడ్డంతా నిండింది. మేము వెనక్కి గెంతాం. శిరీష చీర సగం తడిసిపోయింది, అయినా నవ్వుతోంది.

గట్టు మీంచి గౌరమ్మ అరిచింది. "కారనీ బాబూ! ఈపాలి నా బుట్టలు నానే జరుపుకుంటాను!"

పద్దెనిమిదీ దొరికాయి. ఒక్కోటి విడిచి ఒక్కోటి, తొందరపడకుండా తెరిచారు. నీరు మూడు రోజులు కారింది. రోజూ దారానికి తూకపు గుండు కట్టి వేలాడదీసి గోడ ఉబ్బు కొలిచారు. పెరగలేదు. ఆరాక ఉబ్బిన మేర విప్పి, సున్నంతోనే మళ్ళీ కట్టారు. పెద్ద బళ్ళు వద్దు, మనుషులూ రెండు చక్రాల బళ్ళూ వెళ్ళొచ్చన్నారు. రిపోర్టులో ఆ రాతిపనివాళ్ళ మీద రాసిన మాట కొట్టేసి, కన్నాలు ఎవరు మూశారో నా పేరుతో రాయించుకున్నాను.

శిరీష అడిగిన మాట

అడ్డాలు తీసేసిన రోజు పొద్దున్న, పేట పిల్లలు బడి సంచులతో వంతెన మీద పరిగెడుతున్నారు. నేను చూస్తూ నిలబడ్డాను. మనసు తేలిగ్గా ఉంది. తప్పు ఒప్పుకున్నాను, దిద్దుకున్నాను, ఇంక నాకేం బాకీ లేదనుకుంటున్నాను. శిరీష పక్కకి వచ్చింది.

"బాబాయ్ గారూ, ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకండి."

"అడుగమ్మా."

"ఇదొక్కటేనా?"

వెంటనే అర్థం కాలేదు. తరవాత కల్వర్టులు గుర్తుకొచ్చాయి, రోడ్డు కింద నీరు పోయే చిన్న వంతెనలు. డి.ఈ.గారు భేష్ అన్న తరవాత గజపతినగరం రోడ్డు మీది పాత కల్వర్టుల పని కూడా నాకే ఇచ్చారు. ఆ ఏడాదంతా ఒక్కోదాని కన్నాలూ మూసి నీట్‌గా చేసుకుంటూ పోయాను. పెద్ద తప్పు ఒకటి కళ్ళ ముందుంటే చిన్నవన్నీ దాని వెనక దాక్కున్నాయి. ఇన్నేళ్ళలో వాటిని ఒక్కసారి కూడా తలుచుకోలేదు.

"ఎన్ని?" అంది.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఒక చెయ్యి చాల్లేదు.

శిరీష వెళ్ళి స్కూటీ స్టార్ట్ చేసి తీసుకొచ్చింది.

"ఎక్కండి."

"ఇప్పుడేనా అమ్మా?"

"వానలు రాకముందే సూసీద్దాం బాబాయ్."

ఎక్కాను. పాతికేళ్ళ పిల్ల వెనక సీటులో కూర్చుని, నా ఉద్యోగాన్ని మొదటి నుంచీ చూసుకుంటూ గజపతినగరం రోడ్డున వెళ్ళాను. ఇప్పటికి అయిదు దొరికాయి. రెండింటికి అప్పుడే తడి మచ్చలున్నాయి. ఆరోది ఇంకా దొరకలేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఎక్కడో పొదల్లో కలిసిపోయింది. దాని మీదుగా రోజూ బస్సులు పోతున్నాయి.